యేసు ఎవరి పట్ల సాత్వికుడు, ఎవరిని గద్దించాడు?

సంపాదకులు గారికి,

అయ్యా,

యేసుక్రీస్తు సాత్వికుడా, సవాలు చేసినవాడా అన్న విషయం మీద మీ పత్రికలో ఇటీవల వచ్చిన రెండు లేఖలను శ్రద్ధగా చదివాను. మొదటి లేఖ రాసినవారు, ఆయన వధకు తేబడిన గొర్రెపిల్లవలె నోరు తెరవనివాడు కనుక ఆయనను నమ్మినవారు కూడా నిరసనలకూ తగవులకూ దూరంగా ఉండి, అన్యాయం జరిగినా సహించి ప్రార్థన చేసుకోవాలన్నారు. రెండవవారు, కొరడా పట్టి దేవాలయంలో బల్లలు పడదోసినవాణ్ణి సాత్వికుడనడం గోడమీది పటాన్ని చూసి మనిషిని అంచనా వేయడమేననీ, అసలైన యేసు తిరుగుబాటుదారుడనీ అన్నారు. ఇద్దరూ వాక్యం ఆధారంగానే మాట్లాడారు. ఇద్దరూ ఎత్తిచూపిన మాటలు బైబిల్లో ఉన్నవే. అయినా ఆయన ఎవరి పట్ల సాత్వికంగా ఉన్నాడు, ఎవరిని గద్దించాడు అన్న ప్రశ్నను ఇద్దరూ అడగలేదు. దానిని పక్కన పెట్టి ఆయన స్వభావాన్ని మాత్రమే తూచడానికి కూర్చుంటే, ఎవరికి కావలసిన క్రీస్తును వారు ఏరుకుంటారు. ఏరుకున్నదానితో సంఘంలో ఎవరి నోరు మూతపడుతుందో, ఎవరి చేయి పైకి లేస్తుందో చూస్తూ వచ్చినవాణ్ణి కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన ప్రాంతంలో ఈ చర్చకు పాత వేళ్లే ఉన్నాయి. 1805లో విశాఖపట్నంలో దిగిన లండన్ మిషన్ వారు, ఆ తరువాత బొబ్బిలి, శ్రీకాకుళం, టెక్కలి వైపు పనిచేసిన కెనడా బాప్టిస్టులు, సాలూరు వైపు లూథరన్లు, 1993లో శ్రీకాకుళం ప్రత్యేక మేత్రాసనంగా, అంటే ఒక బిషప్ పాలన కింది ప్రాంతంగా, ఏర్పడిన కతోలికులు, ఊరూరా వెలిసిన పెంతెకొస్తు సంఘాలు, ఒక్కొక్కరు క్రీస్తులో ఒక్కో గుణాన్ని ముందుకు తెచ్చి బోధించారు. వారందరి బోధకంటే ఎక్కువగా మన ఇళ్లలోకి వెళ్లింది మాత్రం ఒక బొమ్మ. 1940లో అమెరికా చిత్రకారుడు వార్నర్ సాల్‌మన్ వేసిన, మృదువైన ముఖంతో, వెలుగు పడిన పొడవాటి జుట్టుతో ఉన్న ఆ క్రీస్తు చిత్రం కోట్ల ప్రతులుగా లోకమంతా తిరిగింది. దాని పోలికలతో వేసినవే మన క్యాలెండర్ల మీదా, మందిరాల గోడల మీదా కనిపిస్తాయి. అంతమేరకు రెండవ లేఖకుల ఫిర్యాదు న్యాయమైనదే. ఆ ముఖం ఎవరినీ ఇబ్బంది పెట్టేది కాదు, అలాంటి ముఖం గల మనిషిని రోమా ప్రభుత్వం సిలువ వేయవలసిన అవసరమేమిటో ఆ బొమ్మ చెప్పదు.

అయితే సాత్వికత అన్నది చిత్రకారులు కల్పించినది కాదు, ఆయన తన నోటితో తన గురించి చెప్పుకున్నది. మత్తయి సువార్త 11వ అధ్యాయంలో, "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి" అని పిలిచి, "నేను సాత్వికుడను దీనమనస్సు గలవాడను" అంటాడు. ఈ వచనాన్ని మందిరం గోడమీద రాయించని సంఘం మన జిల్లాలో అరుదు. కానీ అదే అధ్యాయంలో, ఆ పిలుపుకు కొద్ది వచనాల ముందు, "అయ్యో కొరాజీనా, అయ్యో బేత్సయిదా" అంటూ తన అద్భుతాలు చూసి కూడా మారని ఊళ్లను ఆయన గద్దిస్తాడు. తాను నివాసముండిన కపెర్నహూమును కూడా వదలడు. గోడమీదికి ఎక్కిన వచనాన్నీ, ఎక్కని వచనాలనూ పలికింది ఒకే నోరు, మత్తయి వాటిని పక్కపక్కనే కూర్చి పెట్టాడు.

ఇక ఆయన మాటల్లో అన్నిటికంటే కఠినమైనవి ఉన్న మత్తయి 23వ అధ్యాయాన్ని తెరిచి చూడండి. ధర్మశాస్త్ర బోధకులైన శాస్త్రులనూ, ఆచారనిష్ఠ గల పరిసయ్యులనూ వేషధారులని, సున్నము కొట్టిన సమాధులని, గ్రుడ్డి మార్గదర్శకులని అన్న అధ్యాయం అది. ఆ కోపానికి కారణం ఏమిటో అధ్యాయం మొదట్లోనే ఉంది. వారు మోయశక్యం కాని బరువులు కట్టి మనుషుల భుజాల మీద పెడతారు, తాము మాత్రం వేలితోనైనా వాటిని కదల్చరు. 11వ అధ్యాయంలో ఎవరిని రమ్మని పిలిచాడు? భారం మోస్తున్నవారిని. 23వ అధ్యాయంలో ఎవరిని గద్దించాడు? ఆ భారాన్ని ఎత్తిపెట్టినవారిని. బరువు ఒక్కటే. దాని కింద నలుగుతున్నవాడికి ఆయన మాట విశ్రాంతిగా వినిపించింది, దానిని కట్టి ఎత్తినవాడికి అదే మాట గద్దింపుగా వినిపించింది. ఇందులో రెండు స్వభావాలు ఎక్కడున్నాయి? భారం మోసేవాడి మీద నిజమైన ప్రేమ ఉన్నవాడు ఆ భారాన్ని మోపినవాడితో మృదువుగా మాట్లాడి ఊరుకోగలడా? ఇంతా చేసి, ఆ అధ్యాయం ముగిసేది శాపంతో కాదు. కోడి తన పిల్లలను రెక్కల కింద చేర్చుకొన్నట్టు నిన్ను ఎన్నిసార్లు చేర్చుకోవాలనుకున్నాను, నీవు ఒప్పుకోలేదు అని యెరూషలేమును చూసి బాధపడడంతో ముగుస్తుంది. ఊచచెయ్యి (ఎండిపోయిన చెయ్యి) గలవాణ్ణి, ఏ పనీ చేయకూడదన్న విశ్రాంతి దినాన బాగుచేసిన సందర్భంలో, చుట్టూ ఉన్నవారి కఠిన హృదయాలకు ఆయన దుఃఖపడి, కోపంతో వారిని కలయజూశాడని మార్కు రాశాడు. ఒకే చూపులో కోపమూ ఉంది, దుఃఖమూ ఉంది. దుఃఖం లేని కోపాన్ని యేసు పేరుతో చూపించేవారు ఈ వాక్యాన్ని నిదానంగా చదవవలసి ఉంది.

దేవాలయం సంగతికి వస్తాను. రెండవ లేఖకుల వాదన అంతా దానిమీదే నిలిచి ఉంది. యేసు యెరూషలేములోకి ఊరేగింపుగా వచ్చిన రోజును గుర్తుచేసుకునే మట్టల ఆదివారం నాడు మన పిల్లలు మట్టలు పట్టుకొని హోసన్నా పాడుతూ వీధుల్లో నడుస్తారు. ఆ రోజు మందిరంలో చదివే వాక్యం సాధారణంగా మత్తయి 21వ అధ్యాయం 11వ వచనంతో ఆగిపోతుంది. 12వ వచనంలో ఆయన దేవాలయంలోకి వెళ్లి రూకలు మార్చేవారి బల్లలను పడదోస్తాడు. ఊరేగింపును ఉంచుకొని బల్లలను వదిలివేయడం మనకు అలవాటైపోయింది. ఆ బల్లల దగ్గర జరిగిన వ్యాపారం ఎలాంటిదో ఆలోచించండి. యూదుల పస్కా పండుగకు దూరదేశాల నుంచి వచ్చినవారు దేవాలయపు పన్నును అక్కడ చెల్లే వెండి నాణెంలోనే కట్టాలి కనుక, తమ డబ్బును రుసుమిచ్చి మార్చుకోవాలి. గొర్రెపిల్లను అర్పించే స్తోమత లేనివారికి ధర్మశాస్త్రం గువ్వలను అనుమతించింది కనుక, గువ్వల బేరం ముఖ్యంగా పేదలతోనే. యేసు పుట్టినప్పుడు మరియ, యోసేపులు అర్పించడానికి తెచ్చినది కూడా ఆ పేదల అర్పణేనని లూకా రాశాడు.

ఇది ఒక్కసారిగా కట్టలు తెంచుకున్న ఆవేశం కూడా కాదు. మార్కు చెప్పిన ప్రకారం ముందురోజు సాయంత్రమే ఆయన దేవాలయంలోకి వెళ్లి, చుట్టూ సమస్తం చూసి, పొద్దుపోయినందున బేతనియకు వెళ్లిపోయాడు. రాత్రి గడిచిన తరువాత తిరిగి వచ్చి ఆ పని చేశాడు. యోహాను సువార్తలో కొరడా ప్రస్తావన ఉంది, కానీ గువ్వలు అమ్మేవారి దగ్గరికి వచ్చేసరికి వాటిని ఇక్కడనుండి తీసుకుపొమ్మని నోటితో చెప్పాడే తప్ప గూళ్లను విసిరికొట్టినట్టు లేదు. అన్నిటికంటే నన్ను ఆపి ఆలోచింపజేసేది మత్తయి 21వ అధ్యాయంలోని 14వ వచనం. బల్లలు పడిపోయి, రూకలు చెల్లాచెదురైన ఆ స్థలంలోనే గ్రుడ్డివారూ కుంటివారూ ఆయన దగ్గరికి వచ్చారు, ఆయన వారిని స్వస్థపరిచాడు. పిల్లలు అక్కడే కేకలు వేస్తూ పాడారు. కొరడా పట్టినవాణ్ణి చూసి వారు పారిపోలేదు. ఆ కోపం తమ మీద కాదనీ, తమ కోసమేననీ వారికి తెలిసింది. భయపడినవారు ప్రధానయాజకులు, శాస్త్రులు. మన కోపం ధర్మబద్ధమైనదో కాదో తేల్చుకోవాలంటే, కోపం చూపించిన తరువాత బలహీనులు మన దగ్గరికి వస్తున్నారా, దూరంగా జరుగుతున్నారా అని చూసుకోవడం కంటే మంచి పరీక్ష నాకు కనిపించలేదు.

ఈ సందర్భంలోనే ఒక మాట నొక్కి చెప్పాలి. ఆయన కొరడా పట్టింది తన తండ్రి ఇల్లని తాను పిలిచిన మందిరంలో. ఇతరుల గుడిలో కాదు. స్వగ్రామమైన నజరేతులో మాట్లాడినప్పుడు, ప్రవక్త ఏలీయా కాలంలో ఆదరణ పొందినది పరాయిదైన సీదోను ప్రాంతపు విధవరాలనీ, ప్రవక్త ఎలీషా కాలంలో బాగుపడినవాడు సిరియావాడైన నయమాననీ గుర్తుచేసి తన ఊరివారికే కోపం తెప్పించాడు. ఊరివారు ఆయనను కొండ అంచునుంచి తోసివేయబోయారు. తమను చేర్చుకోని, యూదులు పరాయివారిగా చూసే సమరయుల గ్రామం మీద ఆకాశం నుంచి అగ్ని కురిపించమంటావా అని శిష్యులు అడిగితే ఆ శిష్యులనే గద్దించి మరో గ్రామానికి వెళ్లాడు. రోమా శతాధిపతిలో చూసిన విశ్వాసం ఇశ్రాయేలులో కూడా చూడలేదన్నాడు. అంటే ఆయన సవాలు ముందుగా తనవారికి, ఆయన ఔదార్యం పరాయివారికి. ఈ రోజుల్లో యూట్యూబులోనూ, సభల మైకుల్లోనూ క్రీస్తు కొరడాను ఉదహరిస్తూ పక్క సంఘాన్నీ, పక్క మతాన్నీ తిట్టేవారు ఆయన క్రమాన్ని పూర్తిగా తలకిందులు చేస్తున్నారు. అన్ని మతాలవారూ ఒకే వీధిలో, ఒకే చెరువు గట్టున బతికే మన ఊళ్లలో ఆ మాటలు ఎంత హాని చేస్తాయో అక్కడ కాపురముండే క్రైస్తవులకే ఎక్కువ తెలుసు.

ఇప్పుడు మొదటి లేఖకులతో నాకున్న ప్రధానమైన అభ్యంతరం. "నీ కుడిచెంప మీద కొట్టువానివైపునకు ఎడమచెంప కూడ త్రిప్పుము" అన్న కొండమీది ప్రసంగపు మాటను, అన్యాయాన్ని నోరెత్తకుండా భరించమన్న ఆజ్ఞగా వారు చదివారు. అది ప్రతీకారాన్ని నిషేధించిన మాట, అందులో సందేహం లేదు. తనను పట్టుకోవడానికి వచ్చిన రాత్రి గెత్సేమనే తోటలో కత్తి దూసిన శిష్యుణ్ణి యేసు ఆపాడు, కత్తి పట్టుకొనువారందరూ కత్తిచేతనే నశిస్తారని చెప్పాడు. అయితే అదే రాత్రి ప్రధానయాజకుని ఎదుట ఒక బంట్రౌతు తనను చెంపమీద కొట్టినప్పుడు ఆయన ఏం చేశాడో యోహాను 18వ అధ్యాయంలో ఉంది. తిరిగి కొట్టలేదు. అలాగని మౌనంగానూ ఉండలేదు. తాను కాని మాట అని ఉంటే అదేదో చూపించమన్నాడు, మంచి మాటే అని ఉంటే "నన్నేల కొట్టుచున్నావు" అని నిలదీశాడు. 5వ శతాబ్దపు ఆరంభంలో ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగరపు బిషప్ అగస్టీన్ ఈ వచనాన్నే చూపి, రెండో చెంప తిప్పడమన్నది హృదయంలో పగ లేకపోవడాన్ని గురించిన మాట అనీ, దానిని పైపై అక్షరార్థంగా తీసుకోకూడదనీ వివరించాడు.

దీనిని నేను పండితుల సంగతిగా చెప్పడం లేదు. భర్త కొట్టాడని సంఘ పెద్దల దగ్గరికి వచ్చిన ఒక చెల్లెలికి, ఆ పెద్దలు ఈ చెంప వచనాన్నే చదివి, సాత్వికంగా ఉంటే ఆత్మను సంపాదించుకోవచ్చమ్మా అని చెప్పి ఇంటికి పంపడం మన జిల్లాలోని ఒక సంఘంలో జరిగింది. ఆ భర్తను పిలిచి "నన్నేల కొట్టుచున్నావు" అన్న వచనాన్ని చదివినవారు లేరు. సాత్వికత ఎవరికి బోధించారు? దెబ్బ తిన్న మనిషికి. గద్దింపు ఎవరికి చేరలేదు? దెబ్బ కొట్టిన మనిషికి. సువార్తల్లో యేసు చేసినదానికి ఇది సరిగ్గా తారుమారు. వ్యభిచారమందు పట్టబడిన స్త్రీని నలుగురిలో నిలబెట్టినప్పుడు ఆయన సవాలు రాళ్లు పట్టుకున్నవారి మీదికి వెళ్లింది, "నేనును నీకు శిక్ష విధింపను" అన్న మాట ఆమెకు దక్కింది. ఇక పాపం చేయవద్దని ఆమెకు చెప్పిన మాట కూడా ఉంది, కానీ ఆమె ప్రాణం నిలబడిన తరువాతే, రాళ్లు నేలరాలిన తరువాతే చెప్పాడు. మన సంఘాల్లో ఆమెకు చెప్పవలసిన మాట ముందు చెప్పి, రాళ్లు పట్టుకున్నవారికి చెప్పవలసిన మాట మరిచిపోతాం.

ఈ తారుమారు మన దగ్గర మొదలైనది కాదు. క్రీస్తుశకం 200 ప్రాంతంలో కార్తేజీలో ఉన్న తెర్తుల్లియన్, ప్రభువు ఆ రాత్రి శిష్యుడైన పేతురు చేతిలోని కత్తిని తీసివేయడంలోనే ప్రతి సైనికుణ్ణీ నిరాయుధుణ్ణి చేశాడని రాశాడు. ఆనాటికి సంఘం హింసలు పడుతున్న చిన్న గుంపు. 4వ శతాబ్దంలో రోమా చక్రవర్తులు క్రైస్తవులైన తరువాత మాట మారింది. చెంప వచనాన్ని అంత లోతుగా వివరించిన అగస్టీనే, డోనటిస్టులన్న తోటి క్రైస్తవులను దారికి తేవడానికి ప్రభుత్వ బలాన్ని వాడవచ్చని, "లోపలికి వచ్చుటకు వారిని బలవంతము చేయుము" అన్న విందు ఉపమానంలోని మాటను ఆధారంగా చూపాడు. అధికారం చేతికి వచ్చినప్పుడు గొప్ప మనసు గలవారికి కూడా క్రీస్తు గద్దింపు ఒక ఆయుధంలా కనిపిస్తుందనడానికి ఇంతకంటే బాధాకరమైన ఉదాహరణ నాకు తెలియదు. యూదుడైన యేసు తన సొంత జనుల నాయకులతో, ఇంటి మనిషిగా అన్న 23వ అధ్యాయపు మాటలను, తరువాతి శతాబ్దాల ఐరోపా క్రైస్తవులు యూదులందరి మీద ద్వేషానికి వాడుకున్నారు. పాలకుడైన హేరోదు నిన్ను చంపగోరుతున్నాడు, వెళ్లిపొమ్మని యేసును హెచ్చరించినవారు కూడా పరిసయ్యులేనని లూకా రాసిన సంగతి వారు మరిచారు.

రెండవ లేఖకులతో కూడా నాకు పేచీ ఉంది. సాత్వికుడైన క్రీస్తు పిరికివారికి కావలసిన క్రీస్తని వారు రాయడం నన్ను బాధించింది. భారతదేశంలో 1980లలో అరవింద్ నిర్మల్ వంటి దైవశాస్త్రజ్ఞులు దళితుల వేదన వైపు నుంచి సువార్తను చదవడం మొదలుపెట్టినప్పుడు, వారు క్రీస్తు సాత్వికతను తీసివేయలేదు, అణగారినవారితో కలిసి అవమానం పొందిన సేవకుడిలోనే ఆయన దైవత్వాన్ని చూశారు. ఉద్దానంలో, కవిటి, సోంపేట వైపు, మూత్రపిండాల జబ్బుతో డయాలసిస్ మీద బతుకుతున్నవారి మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేసే కాపరులను వారు ఒకసారి చూడాలి. కొడుకులూ కోడళ్లూ చెన్నైకో హైదరాబాదుకో పనికి వలస పోగా ఊళ్లో మిగిలిన ముసలివారు ఆదివారం మందిరానికి వచ్చేది విప్లవం గురించి వినడానికి కాదు. నలిగిన రెల్లును విరువనివాడు, మకమకలాడుతున్న వత్తిని ఆర్పనివాడు ఒకడున్నాడని వినడానికి వస్తారు. వారికి ఆ మాట దక్కనివ్వాలి. అయితే ఆ నలిగిన రెల్లు మాటను మత్తయి 12వ అధ్యాయంలో పూర్తిగా చదివితే, "న్యాయవిధిని ప్రబలము చేయువరకు" అన్న మాట కూడా అదే వచనంలో ఉంది. మంచం పక్కన ప్రార్థించిన కాపరి, బయటికి వచ్చి ఆ ఊరి మంచినీటి గురించి అధికారిని గట్టిగా అడిగితే ఆయన ప్రార్థన చెడిపోదు.

నేను చెప్పినది సువార్తల్లోని ప్రతి సంఘటనకూ అతుకుతుందని అనను. సురోఫెనికయ స్త్రీ తన కుమార్తె కోసం వేడుకున్నప్పుడు, పిల్లల రొట్టె తీసి కుక్కపిల్లలకు వేయడం యుక్తం కాదని యేసు అన్న మాట నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. ఆమె బలవంతురాలు కాదు, పరాయిది, ఆపదలో ఉన్నది. ఆమె విశ్వాసాన్ని పరీక్షించాడని కొందరు వ్యాఖ్యాతలు అంటారు. ఆమె ఇచ్చిన జవాబుకు ఆయన తలవంచాడనీ, అక్కడ సవాలు చేసినది ఆమేననీ మరికొందరు అంటారు. నాకు రెండవ వివరణ మీద మొగ్గు ఉంది, ఎందుకంటే మార్కు సువార్తలో ఆయన "ఈ మాట చెప్పినందున" అని ఆమె మాటకే విలువ కట్టి ఆమె కోరినది ఇచ్చాడు. ఆస్తిపరుడైన యువకుడి సంగతి మరో తీరుగా ఉంటుంది. యేసు అతనిని చూసి ప్రేమించాడని మార్కు ప్రత్యేకంగా రాసి, ఆ వెంటనే ఉన్నదంతా అమ్మి బీదలకు ఇమ్మన్న మాటను రాశాడు. అతను దుఃఖంతో వెళ్లిపోయాడు, యేసు వెనక్కి పిలిచి షరతును తగ్గించలేదు. పేతురును "సాతానా, నా వెనుకకు పొమ్ము" అన్నవాడే ఆ పేతురు చేతికే తన గొర్రెలను అప్పగించాడు. కనుక గద్దింపు అందుకున్నవారంతా ఆయన ప్రేమకు వెలుపలివారు కాదు.

ఈ చర్చను మీ పత్రికలో ఇంకా కొనసాగించేవారికి నా విన్నపం ఒక్కటే. క్రీస్తు ఎలాంటివాడని వాదించేటప్పుడు, ఆ వాదన మన సంఘాల్లో ఎవరి మీద పడుతుందో కూడా రాయండి. శ్మశానంలో కులాన్నిబట్టి స్థలం చూపించే చోట, సువార్త సభల కానుకల లెక్క అడిగినవాణ్ణి తగవులమారి అని ముద్రవేసే చోట, మందిరంలో ప్రమాణం చేసిన పెళ్లికి బయట కట్నం బేరం నడిచే చోట, పెద్దలు సాత్వికతను బోధించడం మానుకొని బల్లల సంగతి చదవాలి. అప్పుల్లో కూరుకుపోయిన రైతుకూ, దెబ్బలు తిన్న చెల్లెలికీ, సందేహాలతో మందిరానికి రావడం మానేసిన కుర్రవాడికీ మాత్రం కొరడా చూపించవద్దు, వారికి 11వ అధ్యాయం చదివి వినిపించండి. రాబోయే మట్టల ఆదివారం నాడు మా సంఘంలో మత్తయి 21వ అధ్యాయాన్ని 11వ వచనం దగ్గర ఆపకుండా 16వ వచనం వరకూ చదివించమని నేను మా పాస్టరు గారిని అడిగాను. ఆయన అంగీకరించారు. ఇతర సంఘాలవారు కూడా అలాగే చదివించాలని కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం.